దండకణం కేంద్రకంలోని పనితనం

కంటి వెనుక గోడను లోపలివైపు కప్పి ఉండే రెటీనా మందం మిల్లీమీటరులో నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంత పలచని పొరలో మసక వెలుతురును పట్టే దండకణాలు సుమారు 12 కోట్లు, పగటి వెలుగునూ రంగులనూ పట్టే శంకుకణాలు సుమారు 60 లక్షలు. వాటిలో ఒక్క దండకణాన్ని తీసుకుని నిదానంగా చూద్దాం.

ఆ కణానికి ఒక కొసన సన్నని కడ్డీ ఆకారపు భాగం ఉంటుంది. అందులో వెయ్యి దాకా పలచని బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. ప్రతి బిళ్ళ పొరలోనూ రొడాప్సిన్ అనే ప్రొటీన్ కిక్కిరిసి ఉంటుంది. రొడాప్సిన్ అంటే 348 అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసు పొరను ఏడుసార్లు దాటుతూ అటూ ఇటూ తిరుగుతుంది. దాని నడిమి ఖాళీలో, 296వ స్థానంలో ఉన్న లైసిన్‌కు అతుక్కుని, విటమిన్-ఏ నుంచి తయారైన రెటినాల్ అణువు వంగి కూర్చుంటుంది. కాంతి తగిలిన మరుక్షణం ఆ వంపు సాఫీ అవుతుంది. చూపు మొదలయ్యేది అక్కడే.

ఈ కడ్డీ ఒకసారి కట్టి వదిలేసింది కాదు. రోజూ పైకొస నుంచి దాదాపు పదోవంతు బిళ్ళలు రాలిపోతాయి, పక్కనున్న వర్ణక పొర కణాలు వాటిని మింగేస్తాయి, అడుగు నుంచి కొత్త బిళ్ళలు పుట్టుకొస్తాయి. పది రోజులు తిరిగేసరికి కడ్డీ మొత్తం కొత్తదే. ఒక్కో దండకణంలో సుమారు 10 కోట్ల రొడాప్సిన్ అణువులు ఉంటాయి కాబట్టి రోజుకు కోటి తయారు కావాలి. సెకనుకు వంద పైచిలుకు. ఇదంతా ఒకసారి ఏర్పడ్డాక మళ్ళీ విభజన చెందని కణం చేసే పని. మనిషి బతికినన్నాళ్ళూ ఆ పని ఆగదు.

ఇంత ఉత్పత్తికీ ఆధారం మూడో క్రోమోజోము మీదున్న ఒక్క జన్యువు, దాని రెండు ప్రతులు. అదే జన్యువు, అక్షరం పొల్లు పోకుండా, కాలేయ కణంలోనూ ఉంది, చర్మ కణంలోనూ ఉంది. అక్కడ అది నోరు విప్పదు. ఒకే రాతను ఒక కణం ఎడతెరిపి లేకుండా చదువుతుంటే మరో కణం అసలు తెరవకపోవడానికి కారణం, ఆ రాత మీద వేసిన గుర్తులూ దాన్ని మడిచిన తీరూ. ఆ గుర్తుల, మడతల శాస్త్రమే ఎపిజెనెటిక్స్. వంశపారంపర్యంగా వచ్చే రెటీనా జబ్బుల గురించి మాట్లాడేటప్పుడు మనం ఇంతకాలం రాతలోని తప్పులనే వెతికాం. ఆ జబ్బు ఎవరిలో ఎంతగా ముదురుతుంది, దాన్ని ఆపడానికి కొత్త దారి ఏది అన్న ప్రశ్నల్లో కొన్నిటికి జవాబు ఈ మడతల్లో దొరుకుతోంది.

మడత ఎలా వేస్తారో చూడాలంటే అడుగు నుంచి మొదలుపెట్టాలి. ఒక కణంలోని డీఎన్ఏ చాపితే రెండు మీటర్లు. అది మిల్లీమీటరులో వందో వంతు కూడా లేని కేంద్రకంలో ఇమడాలి. ముందుగా హెచ్2ఏ, హెచ్2బీ, హెచ్3, హెచ్4 అనే నాలుగు రకాల హిస్టోన్ ప్రొటీన్లు రెండేసి చొప్పున, మొత్తం ఎనిమిది కలిసి ఒక చిన్న గుండ్రని దిమ్మ అవుతాయి. నేతపనిలో దారాన్ని కండెకు చుట్టినట్టు, డీఎన్ఏ దాని చుట్టూ ఒకటిన్నర చుట్లకు కాస్త ఎక్కువగా తిరుగుతుంది. ఆ చుట్టులో ఉండే జంట అక్షరాలు 147. దీన్ని న్యూక్లియోసోమ్ అంటారు. ఒక్కో కేంద్రకంలో ఇలాంటివి సుమారు మూడు కోట్లు.

ప్రతి హిస్టోన్ నుంచీ ఒక తోక బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. గుర్తులు పడేది ముఖ్యంగా ఈ తోకల మీదే. తోకలోని లైసిన్‌లకు ధనావేశం ఉంటుంది, డీఎన్ఏకు రుణావేశం ఉంటుంది. అందుకే రెండూ గట్టిగా పట్టుకుని ఉంటాయి. లైసిన్ మీద ఎసిటైల్ గుంపును అతికిస్తే ఆ ఆవేశం పోతుంది, పట్టు సడలుతుంది, జన్యువును చదివే యంత్రాంగానికి చోటు దొరుకుతుంది. ఎసిటైల్‌ను అతికించే ఎంజైములు వేరు, ఊడదీసేవి వేరు. ఊడదీసేవాటిని హెచ్‌డాక్‌లు అంటారు. ఆ పేరు మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి. మిథైల్ గుంపు సంగతి ఇంకా సున్నితం. దాన్ని ఎక్కడ అతికించారన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. హెచ్3 తోకలో నాలుగో లైసిన్ మీద పడితే ఆ చోటు తెరుచుకోవడానికి సిద్ధంగా ఉందని అర్థం. తొమ్మిదో లైసిన్ మీదో 27వ లైసిన్ మీదో మూడు మిథైల్‌లు పడితే మూసి ఉంచమని. ఇవి కాక డీఎన్ఏ అక్షరం మీదే నేరుగా పడే మిథైల్ ఒకటుంది. సీ అక్షరం పక్కన జీ వచ్చిన చోట, ఆ సీ మీద అది కూర్చుంటుంది. జన్యువు మొదట్లో ఇవి గుంపుగా పడితే ఆ జన్యువు మూతపడినట్టే. రొడాప్సిన్ జన్యువు దండకణంలో ఈ మిథైల్‌లు లేకుండా తేటగా ఉంటుంది, ఇతర కణజాలాల్లో వాటితో నిండి ఉంటుంది.

దండకణం దండకణం కావడానికి ముందు ఒక నిర్ణయం జరగాలి. దాన్ని చేసేది ఎన్ఆర్ఎల్ అనే ప్రొటీన్. ఆనంద్ స్వరూప్ బృందం 1992లో దాన్ని గుర్తించింది. 2001లో అదే బృందం ఆ జన్యువు లేని ఎలుకలను పుట్టిస్తే వాటి రెటీనాలో ఒక్క దండకణమూ ఏర్పడలేదు. ఆ చోటంతా నీలిరంగును పట్టే శంకుకణాల లాంటివే నిండాయి. అంటే అటు వెళ్ళాల్సిన కణాన్ని ఇటు తిప్పేది ఎన్ఆర్ఎల్. దాని కింద పనిచేసే ఎన్ఆర్2ఈ3 శంకుకణపు జన్యువులను అణచిపెట్టి ఉంచుతుంది. మనుషుల్లో ఎన్ఆర్2ఈ3 లోపిస్తే నీలిరంగు శంకుకణాలు ఉండవలసినదానికంటే ఎక్కువై, రాత్రిచూపు చిన్నతనం నుంచే దెబ్బతింటుంది.

2016లో ఎలుకల దండ, శంకుకణాల గుర్తులను జన్యురాశి అంతటా పటం గీసి పోల్చిన అధ్యయనం ఒకటి వచ్చింది. ఎన్ఆర్2ఈ3 లేని దండకణంలో గుర్తులు శంకుకణం వైపు జరిగిపోయాయని అందులో తేలింది. అంతకంటే ఆశ్చర్యం కలిగించింది మరొకటి. ఎదిగిన దండకణంలో కొన్ని చోట్ల మిథైల్ లేదు, అయినా ఆ చోట్లు పనిచేయడం లేదు. అవన్నీ కణం ఇంకా ఏర్పడుతున్న రోజుల్లో పనిచేసిన మీటలు. తరవాత దండకణం తన డీఎన్ఏను ఎంత బిగుతుగా మడుచుకుందంటే, వాటి మీద మిథైల్ వేసే ఎంజైమ్ కూడా లోపలికి చొరబడలేకపోయి ఉంటుందని ఆ పరిశోధకుల ఊహ. కణం బాల్యం దాని మడతల్లో అలా చెరగకుండా మిగిలింది.

ఆ బిగుతు వెనుక ఉన్న కారణం ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. మామూలుగా ఏ కేంద్రకంలోనైనా మూసిన డీఎన్ఏ అంచుకు చేరి ఉంటుంది, చదివే డీఎన్ఏ నడుమ ఉంటుంది. ఎలుక దండకణంలో ఇది తలకిందులు. మూసినదంతా నడిమధ్యన ఒకే ముద్ద అవుతుంది, చదివేది దాని చుట్టూ పొరగా పరుచుకుంటుంది. ఇరీనా సొలొవై, బోరిస్ జోఫ్‌ల బృందం 2009లో దీన్ని వివరించింది. రాత్రిపూట తిరిగే క్షీరదాల్లో ఈ తిరగేసిన అమరిక, పగటిపూట తిరిగేవాటిలో మామూలు అమరిక కనిపించాయి. మన దండకణాలు మామూలువే.

కారణం కాంతిశాస్త్రంలో ఉంది. రెటీనాలో వెలుతురు ముందు నరాల పొరలనూ కణాల కేంద్రకాలనూ దాటుకుని వెళ్తే తప్ప కడ్డీని చేరదు. ఎలుకలో ఆ కేంద్రకాలు పది పన్నెండు వరుసల మందాన ఉంటాయి. మామూలు కేంద్రకమైతే ప్రతి వరుసలోనూ వెలుతురు చెల్లాచెదురవుతుంది. దట్టమైన పదార్థమంతా మధ్యకు చేరితే కేంద్రకమే కటకంగా పనిచేస్తుంది. వెలుతురును కిందనున్న కేంద్రకానికీ, అది ఇంకో కిందిదానికీ అందిస్తూ పోతుంది.

మూసిన డీఎన్ఏను మధ్యకు తేవడానికి కణం పెద్ద పనేమీ చేయదు. మామూలు కణాల్లో దాన్ని అంచుకు కట్టి ఉంచేవి రెండు ప్రొటీన్లు: ఎల్‌బీఆర్, లామిన్ ఏ/సీ. ఎలుక దండకణం ఆ రెండింటి తయారీనీ మానేస్తుంది. కట్టు లేకపోయేసరికి మూసిన డీఎన్ఏ తనంతట తాను ఒకదానికొకటి అంటుకుంటూ మధ్యకు జారుతుంది. ఎలుక పుట్టాక కొన్ని వారాలపాటు ఇది నెమ్మదిగా సాగుతుంది. తరవాత పరిశోధకులు దండకణాల్లో ఎల్‌బీఆర్‌ను బలవంతంగా తయారుచేయించారు. కేంద్రకం తిరగబడలేదు. 2019లో అలాంటి ఎలుకల చూపును పరీక్షిస్తే, మసక వెలుతురులో వెలుగునీడల తేడా తక్కువగా ఉన్న చారలను గుర్తించడంలో అవి వెనుకబడ్డాయి. వాటి జన్యువుల్లో చూపుకు సంబంధించిన అక్షరం ఒక్కటీ మారలేదు. మడత ఒక్కటే మారింది, చూపు తగ్గింది.

ఇప్పుడు జబ్బు సంగతి. రెటినైటిస్ పిగ్మెంటోసా ముందుగా దండకణాలను తీస్తుంది, అందుకే దాని తొలి లక్షణం రేచీకటి. చూపు మేర అంచుల నుంచి కుంచించుకుంటూ వస్తుంది. దండకణాలు పోయాక, ఏ లోపమూ లేని శంకుకణాలు కూడా ఆ వెనకే పోతాయి. దీనికి కారణమైన జన్యుదోషాల్లో మొదట దొరికింది రొడాప్సిన్‌దే. 1990లో ఆ ప్రొటీన్ 23వ స్థానంలో ప్రోలీన్‌కు బదులు హిస్టిడిన్ రావడాన్ని గుర్తించారు. దాన్ని పీ23హెచ్ అంటారు. నేడు వంశపారంపర్య రెటీనా జబ్బుల జన్యువుల జాబితా 250 దాటింది.

ఒకే దోషం ఉన్న ఇంట్లో ఒకరికి చూపు పోతుంది, మరొకరికి ముసలితనం వచ్చినా ఏమీ కాదు. తరం దాటి వచ్చిందని పెద్దలు చెప్పే మాట వెనుక చాలాసార్లు ఇలాంటి సంగతే ఉంటుంది. 19వ క్రోమోజోము మీది పీఆర్‌పీఎఫ్31 జన్యువు దీనికి మంచి ఉదాహరణ. దీని రెండు ప్రతుల్లో ఒకటి చెడితే జబ్బు రావాలి. కొందరికి రాదు. వాళ్ళలో మంచి ప్రతి మామూలుకంటే ఎక్కువగా పనిచేసి లోటు పూడుస్తుంది. ఆ ప్రతిని అణచే సీనాట్3 అనే ప్రొటీన్ వాళ్ళలో తక్కువగా ఉందని 2012లో తేలింది. అంటే ఈ కుటుంబాల్లో చూపు ఉండడమా పోవడమా అన్నది చెడిన ప్రతి కంటే, మంచి ప్రతిని ఎంత తెరిచి ఉంచారన్నదాని మీద ఆధారపడింది.

ఇలాంటి మూసివేతలో మరో రకం, దోషాన్ని మోసే తల్లుల్లో కనిపిస్తుంది. ఆడపిండంలో తొలిరోజుల్లోనే ప్రతి కణమూ తన రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదాన్ని మూసేస్తుంది. ఒక ఆర్ఎన్ఏ ఆ క్రోమోజోమును ఈ చివర నుంచి ఆ చివరిదాకా కప్పి, మూసివేత గుర్తులను రప్పిస్తుంది. ఏది మూయాలన్నది ఏ కణానికాకణం తేల్చుకుంటుంది, దాని సంతతి కణాలన్నీ ఆ తీర్పునే పాటిస్తాయి. 1961లో మేరీ లయన్ చెప్పిన సంగతి ఇది. ఎక్స్ మీదున్న ఆర్‌పీజీఆర్ జన్యువులో దోషం మోసే తల్లి రెటీనాలో కొంత భాగం మంచి ప్రతితోనూ, కొంత భాగం చెడు ప్రతితోనూ నడుస్తుంది. అలాంటి కొందరి కంట్లోకి వైద్యులు పరికరంతో చూస్తే, మధ్య నుంచి చుట్టూ చిమ్మిన బంగారు మెరుపు చారలు కనిపిస్తాయి. పిండదశలో కణాలు చేసుకున్న ఎంపికను పెద్దయ్యాక నేరుగా చూడగలగడం చాలా అరుదైన సంగతి. ఆ తల్లి కొడుక్కి ఉన్నది ఒక్క ఎక్సే. అతనికి ఎంపిక లేదు.

గుర్తులు ఇంత ముఖ్యమైతే మందుతో వాటిని మార్చలేమా? జబ్బుపడిన ఎలుక దండకణాల్లో, చనిపోయే ముందు హెచ్‌డాక్‌లు అతిగా పనిచేస్తున్నట్టు 2010లో గమనించారు. మూర్ఛకు ఎప్పటినుంచో వాడుతున్న వాల్‌ప్రోయిక్ ఆమ్లానికి హెచ్‌డాక్‌లను ఆపే గుణం ఉంది. 2011లో ఒక చిన్న అధ్యయనం ఆశ రేపింది. అమెరికాలో 90 మంది మీద ఏడాదిపాటు, ఉత్తుత్తి మాత్రతో పోల్చి చేసిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి: మేలు లేదు, చూపు మేరను కొలిస్తే మందు వేసుకున్నవారే వెనుకబడ్డారు. కప్పపిల్లల మీద చేసిన పరిశోధన దీనికి కారణం కొంత చూపించింది. అదే మందు పీ23హెచ్ దోషం ఉన్నవాటిలో క్షీణతను తగ్గించింది, రొడాప్సిన్‌లోనే ఇంకొక రకం దోషం ఉన్నవాటిలో పెంచింది. మింగిన మాత్ర ప్రతి కణంలోనూ వేల జన్యువుల మీది గుర్తులను ఒకేసారి కదిలిస్తుంది. ఇంత నాజూకు పనికి అది మోటు పనిముట్టు.

నాజూకు పనిముట్టు ఎలా ఉంటుందో 2018లో ప్రశాంత్ మాలి బృందం చూపించింది. ఆ పనిముట్టు భాగాలు చూడండి. మొదటిది కాస్9 ప్రొటీన్. దాని వెంట ఉండే ఆర్ఎన్ఏలోని 20 అక్షరాలు డీఎన్ఏలో తమకు జోడైన చోటును వెతుకుతాయి. దాని పక్కన ఒక అక్షరం తరవాత రెండు జీలు ఉంటేనే ప్రొటీన్ అక్కడ కుదురుకుంటుంది. మామూలు కాస్9 అక్కడ డీఎన్ఏను తెంపుతుంది. దాని పదో స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లాన్నీ 840వ స్థానంలోని హిస్టిడిన్‌నూ అలనీన్‌లుగా మారిస్తే వెతికే నేర్పు ఉంటుంది, తెంపే శక్తి పోతుంది. రెండోది దానికి అతికించిన క్రాబ్ అనే ముక్క. మన కణాల్లో జన్యువులను మూసే ప్రొటీన్ల నుంచే దాన్ని తీసుకున్నారు. క్రాబ్ ఒక ప్రొటీన్‌ను పిలుస్తుంది, ఆ ప్రొటీన్ ఒక ఎంజైమ్‌ను రప్పిస్తుంది, ఆ ఎంజైమ్ హెచ్3 తొమ్మిదో లైసిన్ మీద మూడు మిథైల్‌లు వేస్తుంది, ఆ గుర్తును చూసి మడత బిగించే ప్రొటీన్లు వచ్చి చేరతాయి. జన్యువు మూతపడుతుంది. అందులో ఒక్క అక్షరమూ తెగదు, మారదు.

దీన్ని కంట్లోకి చేర్చడం ఇంకో చిక్కు. వాహనం ఏఏవీ అనే నిరపాయకరమైన వైరస్. 60 ప్రొటీన్ ముక్కలతో కట్టిన దాని డొల్ల అడ్డుకొలత 25 నానోమీటర్లు. అందులో పట్టే డీఎన్ఏ సుమారు 4,700 అక్షరాలు. కాస్9 జన్యువుకే 4,100 అక్షరాలు కావాలి. మిగతా భాగాలకు చోటు చాలదు. అందుకని ప్రొటీన్‌ను రెండుగా విడదీసి రెండు వైరస్‌లలో పంపారు. విడదీసిన అంచులు మళ్ళీ అతకడానికి ఇంటీన్ అనే ముక్కలు ఉపయోగపడతాయి. కణంలో రెండు సగాలూ కలిసినప్పుడు ఇంటీన్‌లు తమను తాము కోసుకుని బయటికి తప్పుకుంటాయి. పోతూ పోతూ ఆ రెండు సగాలనూ ఒకే గొలుసుగా కలిపి పోతాయి. ఇంటీన్‌లు ప్రకృతిలో ఉన్నవే. వాటిని ఇక్కడ వాడుకోవాలని తోచడం మాత్రం మనిషి నేర్పు.

మాలి బృందం మూయడానికి ఎంచుకున్నది జబ్బు జన్యువును కాదు, ఎన్ఆర్ఎల్‌ను. ఎన్ఆర్ఎల్ అణగితే దండకణం తన దండకణపు పనులు తగ్గించుకుని శంకుకణం వైపు మళ్ళుతుంది. దోషం ఉన్నది దండకణానికి మాత్రమే కావలసిన జన్యువులో కాబట్టి, ఆ జన్యువు అవసరమే తప్పుతుంది, కణం బతుకుతుంది. జబ్బు ఎలుకల్లో అదే జరిగింది. చుట్టూ ఉన్న శంకుకణాలు కూడా నిలిచాయి. రాత్రిచూపును వదులుకుని పగటిచూపును దక్కించుకునే బేరం ఇది. ఎలాగూ పోతున్న దండకణాల విషయంలో అది మంచి బేరమేనని నా అభిప్రాయం. 2020లో మరో బృందం ఇలాంటి పనిముట్టునే, మూయడానికి బదులు తెరవడానికి వాడింది. రొడాప్సిన్ లోటున్న ఎలుక దండకణాల్లో, అక్కడ మామూలుగా మూసి ఉండే శంకుకణపు ఆప్సిన్ జన్యువును మేల్కొలిపితే క్షీణత నెమ్మదించింది. కణంలో అప్పటికే ఉన్నదాన్నే మళ్ళీ పనిలోకి పిలవడం ఎంత పొదుపైన ఆలోచన!

ఇవి ఇంకా ఎలుకలు దాటలేదు. మనుషుల కంటికి అమెరికాలో తొలిసారి ఆమోదం పొందిన జన్యుచికిత్స, 2017 డిసెంబరు నాటి లక్స్‌టర్నా, వేరే దారిది: ఆర్‌పీఈ65 జన్యువు చెడినవారికి మంచి ప్రతిని ఏఏవీలో పెట్టి రెటీనా కిందికి ఎక్కిస్తారు. అక్కడా ఎపిజెనెటిక్స్ తప్పదు. ఏఏవీ తెచ్చిన డీఎన్ఏ చాలావరకు క్రోమోజోముల్లో కలవకుండా వలయంగా పక్కన ఉండిపోతుంది. కోతుల కండర కణాల్లో పరిశీలిస్తే ఆ వలయాల మీద కూడా కణం తన హిస్టోన్‌లనే కూర్చింది. బయటి నుంచి వచ్చిన జన్యువుకు కూడా కణం తన పద్ధతినే వర్తింపజేస్తుందన్నమాట. ఎన్ఆర్2ఈ3 జన్యువును అదనంగా ఇచ్చి, దోషం ఏ జన్యువులో ఉన్నా కణాన్ని నిలబెట్టాలన్న చికిత్స మాత్రం మనుషుల మీద మూడో దశ పరీక్షలకు చేరింది.

మన దగ్గర మేనరికాలు ఎక్కువ. తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడు ప్రతి వస్తేనే పుట్టే జబ్బులు అందువల్ల పెరుగుతాయి. హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో చిత్ర కన్నబిరన్ వంటి శాస్త్రవేత్తలు మన కుటుంబాల్లోని రెటీనా జన్యుదోషాలను ఏళ్ళ తరబడి వెతికి నమోదు చేస్తున్నారు. ఇంట్లో ఎవరికైనా రేచీకటి కనిపిస్తే ముందుగా అది విటమిన్-ఏ లోపం వల్ల వచ్చిందేమో తేల్చుకోండి, అది నయమయ్యేది. కాకపోతే జన్యుపరీక్ష చేయించుకుని దోషం ఏ జన్యువులో ఉందో, ఏ అక్షరంలో ఉందో కాగితం మీద రాయించుకుని దాచండి. రేపు వచ్చే ఏ చికిత్స అయినా మొదట అడిగేది ఆ కాగితమే. కంటి కోసమని వాల్‌ప్రోయిక్ ఆమ్లం లాంటి మందును సొంతంగా మొదలుపెట్టకండి. మూర్ఛకు ఇప్పటికే వాడుతున్నవారు వైద్యులను అడగకుండా ఆపకండి.